మొక్కు నానమ్మది, వేషం మనవడిది: ఇది మత విశ్వాసమా, ఎవరి నమ్మకం వాళ్లదా?

బరంపురం_కోడలు
మా ఇంట్లో రెండేళ్లకోసారి ఒకటే గొడవ. 2018లో మా బాబుకి ఆరేళ్లు. మెదడువాపు జ్వరం వచ్చి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అప్పుడు మా అత్తగారు మా బరంపురం ఊరి దేవత ఠాకురాణి అమ్మవారికి మొక్కుకున్నారు, పిల్లాడు లేచి తిరిగితే జాతరలో వేషం కట్టించి వీధులన్నీ తిప్పుతానని. 2019 జాతర నాటికి మావారి ఉద్యోగం వల్ల సంబల్‌పూర్‌లో ఉన్నాం, రాలేకపోయాం. 2021లో కోవిడ్ వల్ల జాతరే లేదు. 2023లో అత్తగారికి తుంటి విరిగింది. 2025 వచ్చేసరికి వాడికి పదమూడేళ్లు, వేషం వేసుకోనని తెగేసి చెప్పాడు. ఇప్పుడు 2027 జాతర మాట అప్పుడే మొదలైంది.

వాడు దేవుడంటే లెక్కలేని పిల్లాడు కాదు. "అమ్మవారంటే నాకు ఇష్టమే. కానీ ఆ మొక్కు నేను మొక్కలేదు కదా. నానమ్మ నమ్మితే నా ఒంటికి రంగు పూస్తారా?" అంటాడు. మావారేమో "ఇది ఒకరి నమ్మకం కాదు, మన మతం, మన ఆనవాయితీ" అంటారు. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మొక్కుల మీద నాకు నమ్మకం లేదు, మా పుట్టింట్లో ఆ అలవాటే లేదు. అయినా పిల్లాడికి ఒళ్లు వెచ్చబడితే ముందు గుర్తొచ్చేది ఆ తీరని మొక్కే. రాత్రంతా టెన్షన్‌తో నిద్ర పట్టదు. నమ్మకం లేనిదానికి ఈ భయం ఎందుకు? అసలు మతం చెప్పే విశ్వాసం వేరు, మనిషి సొంత నమ్మకం వేరు అంటారే, ఆ గీత ఎక్కడుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

సిల్క్_సిటీ
అక్కా, ఒక్క సాయంత్రం పని. కట్టేయండి. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా అమ్మ మొక్కుకి పులి వేషం కట్టారు. రంగు ఎండాక ఒళ్లంతా బిగుసుకుపోయి దురద. కానీ డప్పు మొదలయ్యాక ఏమీ గుర్తులేదు. ఇప్పటికీ ఆ డప్పు వినపడితే కాళ్లు ఆగవు.

గుణుపురం_టీచర్
సిల్క్_సిటీ గారూ, మీకు తొమ్మిదేళ్లు. మిమ్మల్ని ఎవరైనా అడిగారా? ఆ పిల్లాడిని అడిగారు, వాడు వద్దన్నాడు. తేడా అంతా అక్కడే ఉంది.

సిల్క్_సిటీ
అడగలేదు మాస్టారూ. కానీ నన్ను బలవంతం చేసినట్టు నాకెప్పుడూ అనిపించలేదు. మా తాతలు డేరా వీధిలో మగ్గం నేసినవాళ్లు. మాకు ఠాకురాణి ఊరి దేవత మాత్రమే కాదు. మా నేతవాళ్ల కులపెద్ద దేశిబెహెరా ఇంటి ఆడపడుచు. రెండేళ్లకోసారి పుట్టింటికొస్తుంది. ఆడపడుచు ఇంటికొస్తే "నీకు నమ్మకం ఉందా" అని ఎవరినైనా అడుగుతామా? వీధి వీధంతా రాత్రిళ్లు ఊరేగి వచ్చే అమ్మవారి ఘటాల కోసం మెలకువగా కూర్చుంటుంది. అందులో నమ్మేవాడూ ఉంటాడు, నమ్మనివాడూ ఉంటాడు. కూర్చోవడమే మతం అని నేననుకుంటాను.

మహేంద్రగిరి_గాలి
పైన చెప్పింది బాగుంది. కానీ కూర్చోవడం వేరు, ముఖానికి రంగు వేసుకోవడం వేరు కదా.

పర్లాకిమిడి_పాతకాపు
మేము బాప్టిస్టులం. మా ముత్తాత కాలం నుంచీ పర్లాకిమిడిలోనే ఉన్నాం. అక్క అడిగింది మా సంఘంలో పాత ప్రశ్నే. కొన్ని సంఘాల్లో పసిబిడ్డలకే బాప్తిస్మం ఇస్తారు, అమ్మానాన్నల విశ్వాసం మీద. మాలో ఇవ్వరు. బిడ్డ పెద్దయి, తనంతట తాను అందరి ముందూ నిలబడి విశ్వాసం ఒప్పుకుంటేనే నీళ్లలోకి దించుతారు. అమ్మ విశ్వాసం కొడుక్కి ఆస్తిలా రాదు అనేది మా మూలసూత్రం.

అయితే ఒక మాట దాచకుండా చెబుతాను. నాకు పదహారేళ్లప్పుడు నా స్నేహితులు ఐదుగురూ ఒకే ఆదివారం బాప్తిస్మం తీసుకున్నారు. నేను తీసుకోలేదు. మనసు సిద్ధంగా లేదు. మా నాన్న నన్ను ఒక్క మాట అనలేదు గానీ మూడు నెలలు భోజనాల దగ్గర నా ముఖం చూడలేదు. రాతలో మాకు స్వేచ్ఛ ఉంది, ఇంట్లో మాత్రం మీ ఇంట్లో ఉన్నట్టే ఉంది. చివరికి ఇరవై రెండేళ్లకి తీసుకున్నాను. అది నాది అని ఇవాళ చెప్పగలను.

బరంపురం_కోడలు
పాతకాపు అన్నయ్యా, మూడు నెలలు ముఖం చూడలేదన్న మాట చదివి ఆగిపోయాను. మావారు వాడితో మాట్లాడక పదిహేను రోజులైంది.

బరంపురం_వకీలు
చట్టం వైపు నుంచి రెండు మాటలు. రాజ్యాంగం 25వ అధికరణంలో మతాన్ని పాటించే హక్కు కంటే ముందు "అంతఃకరణ స్వేచ్ఛ" అనే మాట ఉంది. అంటే మనిషి లోపలి నమ్మకానికి విడిగా చోటిచ్చారు. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు మతమంటే సిద్ధాంతం ఒక్కటే కాదు, పూజలు, ఆచారాలు కూడా అందులో భాగమే అంది. ఆ లెక్కన మీవారు చెప్పింది తప్పు కాదమ్మా.

1986లో ఇంకో తీర్పు వచ్చింది, బిజో ఇమ్మాన్యుయేల్ కేసు. కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకి చెందిన కుటుంబం పిల్లలు ముగ్గురు. బడిలో జాతీయగీతానికి మర్యాదగా లేచి నిలబడతారు, కానీ పాడరు. బడి నుంచి తీసేశారు. తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఆ నమ్మకం మన బుద్ధికి నచ్చుతుందా లేదా అన్నది ప్రశ్న కాదు, వాళ్లు దాన్ని మనస్ఫూర్తిగా, మతాచరణలో భాగంగా నమ్ముతున్నారా అన్నదే ప్రశ్న అన్నారు. పిల్లల్ని తిరిగి బడిలో చేర్చుకోమన్నారు.

గుణుపురం_టీచర్
అంటే పిల్లాడి వైపే కదా చట్టం?

బరంపురం_వకీలు
అంత తేలిక కాదు మాస్టారూ. ఆ ముగ్గురి వెనకా ఒక మతశాఖ ఉంది, అమ్మానాన్నలు ఉన్నారు. ఒంటరిగా "నాకిలా అనిపిస్తోంది" అన్న పిల్లాడి కేసు కాదది. ఇంకా 28వ అధికరణం చూడండి. ప్రభుత్వ సాయం పొందే బడిలో మతబోధకి కూర్చోబెట్టాలంటే సమ్మతి కావాలి, కానీ మైనరైతే ఆ సమ్మతి ఇచ్చేది సంరక్షకుడు. పదిహేనేళ్లవాడి అంతఃకరణం ఎవరిదన్న దానికి చట్టం దగ్గర సూటి జవాబు లేదు. నేను ఇంట్లో ఇలాంటివి కోర్టు భాషలో మాట్లాడను.

రుషికుల్య
మాలో మొక్కుని నజ్ర్ అంటారు. నా చిన్నప్పుడు మౌల్వీ సాబ్ చెప్పింది ఒకటి గుర్తుంది. మొక్కుకున్నవాడిదే ఆ బాధ్యత. తనది కానిదాన్ని మొక్కుకుంటే ఆ మొక్కు చెల్లదు. తీర్చలేకపోతే పరిహారం ఉంది, పదిమంది పేదలకి అన్నం పెట్టడం, లేదా బట్టలివ్వడం, అదీ కుదరకపోతే మూడు రోజుల ఉపవాసం. మా అమ్మ ఒకసారి అలాగే పదిమందికి వండి పెట్టింది. ఆ రాత్రి ఆమె పడుకున్న నిద్ర నాకింకా గుర్తుంది. మీ భయానికి మీ పద్ధతిలో ఇలాంటి దారి ఏదైనా ఉందేమో పెద్దల్ని అడగండి అక్కా.

పంచాంగం_తాత
ఉంది నాయనా. ఎందుకు లేదు? మన శాస్త్రంలో కర్మల్ని నిత్యం, నైమిత్తికం, కామ్యం అని విడదీశారు. సంధ్యావందనం లాంటివి నిత్యం, చెయ్యకపోతే దోషం. గ్రహణ స్నానం లాంటివి నైమిత్తికం, సందర్భం వస్తే చెయ్యాలి. ఒక కోరికతో చేసేది కామ్యం. మొక్కు ఈ మూడోదాంట్లోకి వస్తుంది. కోరిక ఎవరిదో కర్త వాళ్లే. అబ్బాయి తండ్రి "మన మతం" అంటున్నాడు, అది మొదటి రెంటికీ వర్తించే మాట. మూడోదానికి మతం గొడుగు పట్టింది గానీ, దాని కింద నిలబడ్డది ఆ నానమ్మ ఒక్కతే.

కోడలమ్మా, మీ అత్తగారు మొక్కినప్పుడు ఏ మాటలతో మొక్కారు? ముడుపు కట్టారా? సంకల్పంలో మాట ముఖ్యం. వాడి చేత వేషం కట్టిస్తానన్నారా, మేము కడతామన్నారా?

బరంపురం_కోడలు
నాకు తెలియదు తాతగారూ. నేనా రోజు ఐసీయూ బయట ఉన్నాను. అడిగి చెబుతాను.

ఈలోగా మరో విషయం రాయాలనిపిస్తోంది. మా వాడు ఏడాదిగా చేపలూ మాంసమూ మానేశాడు. ఎవరూ చెప్పలేదు. గోపాల్‌పూర్ ఒడ్డున వలలో కొట్టుకుంటున్న చేపల్ని చూసి వచ్చి మానేశాడు. మా అత్తగారు కార్తీకమంతా నీచు ముట్టరు, ఇంట్లో అందరం దాన్ని గౌరవిస్తాం, గిన్నెలు కూడా వేరు చేస్తాం. వీడు ఏడాది పొడుగునా ముట్టకపోతే "మొండితనం, ఒంట్లో రక్తం ఎక్కడి నుంచి వస్తుంది" అని రోజూ తిట్లు. మానేసింది ఇద్దరూ ఒకటే. ఆమెది భక్తి, వీడిది పొగరు ఎలా అయ్యాయో నాకర్థం కాదు.

కోరాపుట్_కాఫీ
ఇదే అసలు ప్రశ్న! మొదటి పోస్టులో రాయాల్సింది ఇదే అక్కా.

చికిటి_పేట
మా ఇంట్లో ఇంకా పెద్ద చిక్కు. మా ఆవిడ ఒడియా. వాళ్ల కార్తీకం మన కంటే పదిహేను రోజుల ముందే వచ్చేస్తుంది. వాళ్లు పున్నమి నుంచి పున్నమికి లెక్క, మనం అమావాస్య నుంచి అమావాస్యకి. ఆవిడ కార్తీకం అయ్యాక చేపలు తెద్దామంటే మా అమ్మ కార్తీకం ఇంకా నడుస్తూ ఉంటుంది. ఇద్దరి కార్తీకాలూ కలిపి నెలన్నర. సంచి పట్టుకుని చేపల బజారు ముందు నుంచి రావడమే నా వ్రతం.

పంచాంగం_తాత
లెక్క సరిగ్గానే చెప్పావు చికిటి బాబూ. 2025లో కార్తీక పౌర్ణమి నవంబర్ 5. ఒడియావారికి ఆ రోజుతో కార్తీకం అయిపోయింది, మనకి నవంబర్ 20 అమావాస్య దాకా ఉంది. రెండూ కలిసేది దీపావళి నుంచి పున్నమి దాకా ఉన్న పక్షమే. ఆ పక్షంలో ఆఖరి ఐదు రోజుల్ని ఒడియావారు పంచుక అంటారు. ఆ ఐదు రోజులు కొంగ కూడా చేప ముట్టదని వాళ్ల మాట.

గుణుపురం_టీచర్
తాతగారి లెక్క చూశాక నాకు తట్టింది రాస్తున్నాను. నవంబర్ 10న చేప తింటే మీ అమ్మగారి దృష్టిలో తప్పు, మీ ఆవిడ దృష్టిలో తప్పు కాదు. ఒకే ఇల్లు, ఒకే దేవుడు. అంటే ఆ నియమం చేపలో లేదు, తేదీలోనూ లేదు. ఎవరితో కలిసి మానేస్తున్నామన్న దాంట్లో ఉంది. మత విశ్వాసానికి పక్కన నిలబడే మనుషులు ఉంటారు. మనం వివరణ ఇచ్చుకోనక్కర్లేదు, వీధంతా మన తరఫున చెప్పేస్తుంది. కోడలమ్మ కొడుక్కి ఆ వీధి లేదు. గోపాల్‌పూర్‌లో చూసినదాన్ని రోజూ అన్నం దగ్గర కొత్తగా చెప్పుకోవాలి. నేను దేవుణ్ణి నమ్మను, కానీ ఆ పిల్లాడి కష్టం నాకు బాగా తెలుసు. మా నాన్నగారు పోయినప్పుడు నేను గుండు చేయించుకోలేదు. పదకొండో రోజున మా మేనత్త "మీ నాన్నంటే నీకు ప్రేమ లేదు" అంది. ప్రేమ లేదని ఎలా అనుకుంది? ఆయన చివరి నాలుగేళ్లూ స్నానం చేయించింది నేనే.

సిల్క్_సిటీ
మాస్టారూ, ఇందాక మీతో గట్టిగా మాట్లాడాను. ఈ సంగతి తెలియదు.

గుణుపురం_టీచర్
మీరేం తప్పు మాట్లాడలేదు బాబూ. ఆడపడుచు మాట నాకు నచ్చింది.

కోరాపుట్_కాఫీ
టీచర్ గారి మాటకి చిన్న చేర్పు. మా పక్కింటివాళ్లు మహిమ ధర్మం వాళ్లు. విగ్రహం లేదు, అలేఖ పరబ్రహ్మ అంటారు. పొద్దుగుంకాక అన్నం తినరు. మొదట్లో మా అమ్మ రాత్రి పెళ్లి భోజనానికి పిలిచి, వాళ్లు తినకపోతే బాధపడింది. ఇప్పుడు ఏ శుభకార్యమైనా వాళ్లకి సాయంత్రం నాలుగింటికే వడ్డిస్తుంది. 19వ శతాబ్దంలో మహిమ స్వామి అనే ఒకాయన ఇది చెప్పడం మొదలుపెట్టినప్పుడు ఎంతమంది విచిత్రంగా చూసి ఉంటారో ఊహించండి. తర్వాత భీమభోయి పాటలతో ఊళ్లకి ఊళ్లు చేరాయి. ఢెంకనాల్ దగ్గర జోరందాలో పెద్ద పీఠం ఉంది. ఒకరి నమ్మకం వెనక జనం చేరితే మతం అవుతుంది. చేరకపోతే ఆ మనిషితోనే పోతుంది. అంతమాత్రాన అది చిన్నది అనలేం కదా.

మహేంద్రగిరి_గాలి
సొంత నమ్మకం అనగానే అంతా మంచిదే అన్నట్టు మాట్లాడుతున్నాం. రాయగడ వైపు వాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

నాగావళి_నర్స్
నేనున్నాను. పదకొండేళ్లుగా పల్లెల్లో తిరిగే ఉద్యోగం. ఒక ఊళ్లో వరసగా ఇద్దరు పిల్లలు జ్వరంతో పోయారు. మలేరియా. నేనే రక్తపరీక్ష చేశాను. ఊళ్లో మాత్రం ఒక ముసలామె చిల్లంగి, అంటే చేతబడి, పెట్టిందన్నారు. ఏ గుళ్లోనూ ఆ మాట చెప్పరు, ఏ చర్చిలోనూ చెప్పరు. అది మతం కాదు. ఒక మనిషికి కలిగిన అనుమానం. ఆ అనుమానం వెనక పదిమంది చేరారు. ఇందాక కాఫీ గారు చెప్పినట్టే చేరారు, కానీ ఎక్కడికి చేరారో చూడండి. ఆ రాత్రి ఆమెని మా సబ్‌సెంటర్ గదిలో ఉంచి తలుపు వేసుకుని కూర్చున్నాం. ఒడిశాలో 2013 నుంచి మంత్రగత్తె ముద్ర వేసి వేధించడాన్ని ఆపే చట్టం ఉంది. చట్టం పేరు చెప్పాను, ఎవరూ వినలేదు. చివరికి పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల్లో ఒకామె వచ్చి "నా బిడ్డ రక్తంలో పురుగు ఉందని ఈ అమ్మ గాజు పలక మీద చూపించింది" అని చెప్తే జనం కదిలారు.

మనస్ఫూర్తిగా నమ్మారా అని మాత్రమే చూస్తే ఆ రాత్రి బయట నిలబడ్డవాళ్లంతా మనస్ఫూర్తిగానే నమ్మారు. కాబట్టి నేను చూసేది ఒకటే. నీ నమ్మకానికి ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు? నువ్వు ఉపవాసం ఉంటే నీ కడుపు కాలుతుంది, ఉండు. నీ నమ్మకానికి ఇంకొకరి ఒళ్లు కావాలంటే మాత్రం ఆగి అడగాలి. నానమ్మ వేషం మొక్కుని చిల్లంగితో పోల్చడం లేదు, దయచేసి అలా అనుకోవద్దు. పిల్లాడు బతకాలని ఆమె మొక్కింది.

బరంపురం_వకీలు
నర్సమ్మ గారు చెప్పింది చట్టంలోనూ ఉంది. 25వ అధికరణం మొదలయ్యేదే ప్రజా శాంతి, నీతి, ఆరోగ్యాలకి లోబడి అని.

పర్లాకిమిడి_పాతకాపు
ఆ తలుపు వేసుకుని కూర్చున్న రాత్రి గురించి మీరు విడిగా రాయాలమ్మా. ఇక్కడ రెండు వాక్యాల్లో పోకూడదు.

రుషికుల్య
కోడలక్క ఏమయ్యారు? ఐదు రోజులైంది.

బరంపురం_కోడలు
ఇక్కడే ఉన్నాను. తాతగారు అడిగింది అత్తగారిని అడగడానికి నాకు ధైర్యం రాలేదు, అందుకే ఆలస్యం. నిన్న లక్ష్మివారం పూజయ్యాక ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బియ్యం డబ్బా వెనక నుంచి పసుపు గుడ్డ మూట తీసి చూపించారు. లోపల ఒక రూపాయి బిళ్ల. ఎనిమిదేళ్లుగా అది అక్కడుందని నాకు తెలియదు.

"ఆ రాత్రి ఏమన్నానో నాకే సరిగ్గా గుర్తులేదే. వాడు కళ్లు తెరవాలన్నాను. వేషం అన్నది మర్నాడు మీ ఆయనతో చెప్పినప్పుడు వచ్చిన మాటేమో" అన్నారు. ఆ తర్వాత ఏడ్చారు. ఆమె ఇన్నేళ్లూ భయపడుతున్నారు. వాడు ఆ చేపలు మానేసి బక్కగా అవుతుంటే, తీరని మొక్కే వాడి ఒంట్లోంచి తీసుకుంటోందని అనుకుంటున్నారట. అందుకని రోజూ తిట్టేది. నేను పొగరు అంటోందనుకున్నాను. నా భయమూ ఆమె భయమూ ఒకటేనని ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా మేమిద్దరం చెప్పుకోలేదు.

వాడు ట్యూషన్ నుంచి వచ్చి మూట చూశాడు. ఏమిటని అడిగాడు. ఆమే చెప్పింది. వాడు వేషం వేసుకుంటానని అనలేదు. "2027లో నీ కాలుతో ఆ జనంలో ఎలా నడుస్తావు, దేశిబెహెరా వీధి దాకా నేను పట్టుకుని తీసుకెళ్తాను" అన్నాడు. మావారు విన్నారు, ఏమీ అనలేదు. ఇంకా వాడితో మాట్లాడటం లేదు.

నాగావళి_నర్స్
వాడికి ఒకసారి రక్తంలో హిమోగ్లోబిన్ చూపించండి చెల్లెమ్మా. బాగుంటే ఆ కాగితం మీ అత్తగారి చేతికే ఇవ్వండి. పప్పు, ఆకుకూర, గుడ్డు తింటాడా?

బరంపురం_కోడలు
గుడ్డు తినడు. పాలు, పప్పు తింటాడు. సోమవారం తీసుకెళ్తాను.

పంచాంగం_తాత
మూట విప్పకండి. పసుపు గుడ్డ పాతబడి ఉంటే, దాని మీదే కొత్త గుడ్డ చుట్టి మీ అత్తగారి చేత ముడి వేయించండి. అమ్మవారి ముందు తీర్చే రోజున ఆమె చేతులతోనే విప్పాలి. పక్కన మనవడు ఉన్నా సరే, లేకపోయినా సరే, అది చెల్లుతుంది.

సిల్క్_సిటీ
అక్కా, మా ఇల్లు ఆ వీధి మొదట్లోనే. పెద్దావిడ నడవలేకపోతే మా అరుగు మీద కూర్చోబెట్టండి, ఘటాలు అటే వస్తాయి. జాతర తేదీ ఖరారైన రోజున ఇక్కడే రాస్తాను.